ఆదివారం పుట్టిన గోల్‌కీపర్

మనిషి ఏ వారం పుట్టాడన్నది కన్నతల్లికి వదిలేయదగినంత చిన్న విషయం కాదని మన దేశం ఆలస్యంగానైనా గ్రహించింది. తల్లి ఆ సమయంలో నొప్పులు పడుతూ ఉంటుంది. మంత్రసాని వేణ్ణీళ్లతో, గుడ్డలతో సతమతమవుతూ ఉంటుంది. తండ్రి, ఉన్నట్టయితే, బయట ఉంటాడు. కుర్చీలో ప్రశాంతంగా కూర్చుని ఆలోచించగలిగే స్థితిలో ఉండేది ఆఫీసు ఒక్కటే. కాబట్టి పుట్టుక విషయంలో ఆఖరి మాట ఆఫీసుదే కావాలని జాతీయ క్రీడాకారిణుల ప్రయాణ ధ్రువీకరణ మండలి తీర్మానించింది. (ఆ తీర్మానం ఏ వారం చేశారో తీర్మానంలో లేదు.)

మన దగ్గర, అంటే ఆఫ్రికా పడమటి తీరాన, పిల్ల పేరే పిల్ల పుట్టిన వారాన్ని చెబుతుంది. ఆదివారం పుడితే అకోసువా, బుధవారం పుడితే అకువా, గురువారమైతే యా. మగపిల్లలకు వేరే ఏడు పేర్లు. ఆ తర్వాత ఎన్ని పేర్లు తగిలించుకున్నా మొదటిది మారదు. పోలీసులకు దొరక్కుండా పేరు మార్చుకునే దొంగ కూడా వారం పేరు జోలికి పోడు, మిగతాదే మార్చుకుంటాడు. దొంగకైనా కొన్ని హద్దులుంటాయి.

న్సావం రోడ్డు పక్కన రొట్టెలు అమ్మే యా దుఫియేకి డెబ్భై దాటాయి. ఆమె మనవరాలు అకోసువా బ్రెంపోమా ఆడవాళ్ల జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. ఆ విద్య ఏ శిక్షకుడూ నేర్పింది కాదు. మట్టి పొయ్యిలోంచి తీసిన రొట్టెని దుఫియే పెరటి గోడ మీదుగా విసిరితే, రోడ్డు వైపు నిలబడ్డ పిల్ల అందుకుని తట్టలో పేర్చాలి. కిందపడ్డ రొట్టె అమ్మకానికి పనికిరాదు, ఇంట్లో ఆ పూట తిండి అదే. పిల్లకి ఎనిమిదో ఏడు వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ మట్టి రొట్టె తిన్నది లేదు.

ఆఫ్రికా దేశాల ఆడవాళ్ల జట్లన్నీ తలపడే కప్పు పోటీ ఈసారి మొరాకోలో. అది అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, మరింత ఘనంగా జరపడానికట. (ఈ లెక్కన అసలు జరపకపోతే అన్నిటికంటే ఘనంగా ఉండేది.) రెండు వాయిదాల్లో అకోసువా కుడి మోకాలు అరిగిపోయింది. ఈ ఒక్క పోటీకి పట్టీ కట్టుకుని ఆడవచ్చనీ, ఆ తర్వాత రొట్టెలు పట్టుకోవడమే మేలనీ డాక్టరు చెప్పేశాడు. అంటే ఆమెకి ఇదే మొదటి కప్పు, ఇదే ఆఖరిది.

ప్రయాణం పందొమ్మిది రోజులుందనగా మండలివారి యాప్‌లో ఆమె పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. దాని కింద ఇలా ఉంది: "అభ్యర్థి పేరు ఆదివారం. అభ్యర్థి పుట్టిన తేదీ బుధవారం. దయచేసి ఒక్కసారే పుట్టి, మళ్లీ ప్రయత్నించండి."

"నేను బుధవారం పుట్టానంట అమ్మమ్మా," అంది అకోసువా.

"ఎవడన్నాడు?"

"ఫోను."

"ఆ ఫోను కోసిందా నీ బొడ్డు? నేను కోశానే. ఆదివారం. పక్క చర్చిలో మూడో పాట పాడుతున్నారు. నీ ఏడుపుకి పాస్టరు పాట ఆపించి, పాపం ఎవరికో ఏదో అయిందని ప్రార్థన మొదలుపెట్టాడు."

ఫోను అబద్ధం చెప్పలేదు. పాస్టరూ చెప్పలేదు. అకోసువా పుట్టింది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, మే రెండు, ఆదివారం. పదేళ్ల కిందట చిన్నపిల్లల జట్టుకి ఆమె వయసు కాస్త ఎక్కువైందని, జిల్లా లీగు కార్యదర్శి ఒకాయన కలంతో రెండేళ్లు కత్తిరించి, రెండువేల ఒకటి అని రాశాడు. తేదీ, నెల అలాగే ఉంచాడు, ఎందుకంటే ఆయన నిజాయితీపరుడు. అయితే ఆ ఏడు మే రెండు బుధవారం పడింది. వయసు దిద్దే పనిలో మన దేశం మహా నేర్పరి, కానీ దిద్దేటప్పుడు క్యాలెండరు చూడాలన్న ఆలోచన మాత్రం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

పేరూ తేదీ సరిపోయాయో లేదో చూసే ఈ కొత్త ఏర్పాటుని కనిపెట్టింది మండలి డైరెక్టరు యావ్ అసిబే. ఆయన ఈ ఉద్యోగంలోకి రాకముందు ఒక జిల్లా లీగుకి కార్యదర్శి. ఏ జిల్లాయో చెప్పనక్కర్లేదు.

రద్దీ తగ్గించడానికి మండలి ఒక నియమం పెట్టింది. ఎవరి పేరు ఏ వారానిదో వాళ్లు ఆ వారమే ఆఫీసుకి రావాలి. సోమవారం అద్వోవాలు, మంగళవారం అబెనాలు, అలాగ. శని, ఆదివారాలు ఆఫీసుకి సెలవు. దాంతో ఆ రెండు వారాల్లో పుట్టినవాళ్లకి క్యూ అన్నదే లేకుండా పోయింది. వాళ్లు ఎదురుచూడాల్సిన సమయం సున్నా అని వార్షిక నివేదికలో రాసుకుని, ఉత్తమ సేవకి మండలి ఒక బహుమతి కూడా పుచ్చుకుంది.

యాప్ అకోసువాకి ఆదివారం ఉదయం పది గంటలకి సమయం ఇచ్చింది. ఇచ్చారు కాబట్టి వెళ్లారు. న్సావం నుంచి రాజధాని అక్రాకి ట్రోట్రో వ్యానులో దుఫియే దారి పొడుగునా ఒడిలో రొట్టె మూట పట్టుకుని కూర్చుంది. ఆఫీసు గేటు దగ్గర ఒక కాపలాదారు, ఒక మేక ఉన్నారు.

"ఇవాళ సెలవమ్మా," అన్నాడు కాపలాదారు.

"ఇవాళే రమ్మన్నారయ్యా."

"రమ్మన్నారు. ఉంటామన్నారా?"

దుఫియే ఆలోచించింది. అలా అనలేదు.

"ప్రతి ఆదివారం వస్తుంటారమ్మా అకోసువాలు," అన్నాడతను జాలిగా. "కొందరు నాకు చుట్టాల్లాగా అయిపోయారు. ఒకావిడ మొన్న మా పిల్లకి గౌను కుట్టి పెట్టింది. కూర్చోండి, నీళ్లు తాగి పోదురు."

బుధవారం మళ్లీ వెళ్లారు. తేదీ బుధవారందే కదా అన్న ధైర్యంతో అకోసువా అకువాల క్యూలో నిలబడింది. మూడు గంటల తర్వాత కిటికీ అవతలావిడ తలెత్తింది.

"పేరు?"

"అకోసువా బ్రెంపోమా."

"ఇవాళ బుధవారం."

"నా తేదీ బుధవారమేనండీ. మీ యాప్‌లోనే వచ్చింది."

"తేదీ రావొచ్చు. పేరు రాకూడదు. తేదీ ఇక్కడిచ్చేసి మీరు ఆదివారం రండి."

"ఆదివారం మీరుండరు కదమ్మా," అంది వెనక నుంచి దుఫియే.

"మీరెవరు?"

"దీని అమ్మమ్మని. యా దుఫియే."

ఆవిడ కలం కింద పెట్టింది. "గురువారం మనిషి బుధవారం లోపలికి ఎలా వచ్చింది? సెక్యూరిటీ!"

సెక్యూరిటీ రాలేదు. అతను క్వామే, శనివారం మనిషి. పరాయి వారంలో తన హాజరు చెల్లుతుందో లేదో తేలేదాకా బయటే ఉంటున్నాడు. ఆ కేకకి డైరెక్టరు అసిబే గదిలోంచి వచ్చాడు. అకోసువాని చూడగానే రెండు చేతులూ చాపాడు.

"రా తల్లీ, రా! ఈ చేతులు నీవి కావు, దేశానివి. అమ్మా, మీరూ రండి. రొట్టె తెచ్చారా? ఆహా, ఆ వాసన!"

గదిలో కూర్చోగానే దుఫియే సూటిగా అడిగేసింది. "ఆ రెండేళ్లూ కోసింది నువ్వే కదయ్యా. మా వాకిట్లో బల్ల మీద కూర్చుని, నా రొట్టె తింటూ కోశావు. ఆరోజే వారం కూడా కోసి ఉంటే పోయేదిగా?"

"అమ్మా, ఆ రోజుల్లో నేను లీగు కార్యదర్శిని," అన్నాడు అసిబే, రొట్టె తుంచుకుంటూ. "ఆ మనిషి మీద నాక్కూడా చాలా ఫిర్యాదులున్నాయి."

"మరి ఇప్పుడు దిద్దు."

"దిద్దుతాను. ఉన్నవి రెండు దారులు. తేదీ దిద్దడం, పేరు దిద్దడం. తేదీ దిద్దాలంటే వయసు దాచిన నేరం కింద తప్పుడు తేదీల సంఘానికి పోతుంది. ఆడపిల్లకి నాలుగేళ్ల నిషేధం. ఆ సంఘం మహా కఠినం."

"దానికి పెద్ద ఎవరు?"

"నేనే. నన్ను నేను బతిమాలి చూశానమ్మా. వినలేదు."

అకోసువా కిందికి చూస్తూ మోకాలి పట్టీ సర్దుకుంది. "పేరు దిద్దాలంటే సార్?"

"ఒక్క కాగితం."

కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. దుఫియే దాన్ని తీసుకుంది. ఆమె బడికి పోలేదు. రొట్టెలు చుట్టే పాత పేపర్లలోంచి అక్షరాలు ఏరుకుని, కూడబలుక్కుని, ముప్పై ఏళ్లకి చదవడం నేర్చుకుంది. అందుకే ఆమెకి లోకంలో ఏ సంగతీ చివరిదాకా తెలియదు. కథ మంచి పట్టులో ఉండగానే రొట్టె అమ్ముడైపోయేది. ఈ కాగితంలో మాత్రం రొట్టె లేదు కాబట్టి నిదానంగా చదివింది. "కింద సంతకం చేసిన యా దుఫియే అను నేను, కాన్పు చేయు సమయమున వారముల పట్ల అజాగ్రత్తగా ఉండి, బుధవారమును ఆదివారముగా పొరబడి, ఇరవై నాలుగేళ్లుగా దేశమును తప్పుదారి పట్టించినందుకు చింతిస్తున్నాను."

"చర్చిలో పాట పాడుతున్నారయ్యా," అంది దుఫియే.

"బుధవారం కూడా పాడతారమ్మా. ప్రార్థన కూటం ఉంటుంది."

"బుధవారం డ్రమ్ము ఉండదు. ఆరోజు డ్రమ్ము ఉంది."

"డ్రమ్ము గురించి ఫారంలో గడి లేదమ్మా."

అకోసువా అమ్మమ్మ మోచేయి పట్టుకుంది. "పెట్టెయ్ అమ్మమ్మా సంతకం. పేరే కదా. కప్పు అయిపోయాక మళ్లీ మార్చుకుందాం."

"ఏమే, అకోసువా అంటే పలికేది ఎవరింక?"

"నేనే పలుకుతా, ఇంట్లో. బయట అకువా పలుకుతుంది."

"అదెవర్తో నాకు తెలీదే. దానికేం ఇష్టమో, ఎలా పడుకుంటుందో…"

"నాలాగే బోర్లా పడుకుంటుందిలే. పెట్టు."

దుఫియే సంతకం పెట్టింది. మంచి పనికి మూడు నెలలు పట్టే చోట ఈ పనికి రెండు రోజులే పట్టాయి. కొత్త పాస్‌పోర్టు మండలివాళ్లే దగ్గరుండి తెప్పించారు. ఎర్ర గుర్తు పోయి పచ్చగుర్తు వచ్చింది. దాని కింద, "అకువా బ్రెంపోమా గారూ, మీరు పుట్టినందుకు అభినందనలు," అని ఉంది.

ప్రయాణమయ్యే బృందంలో మొత్తం అరవై మంది. ఇరవై రెండుమంది ఆటగాళ్లు, ముప్పై ఎనిమిదిమంది అధికారులు. అధికారుల పేర్లూ తేదీలూ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. (వాళ్లలో తొమ్మిదిమంది ఒకే ఇంటివాళ్లు. పుట్టినప్పటి నుంచీ ఒకళ్ల తేదీ ఒకళ్లు చూసుకుంటూ పెరిగారు.) మూడో గోల్‌కీపర్ ఉండాల్సిన చోటులో వారాల విభాగం ఉపాధికారి ఎక్కాడు. అకోసువా అకువాగా మారిన చారిత్రక సందర్భంలో, దారిలో ఆమె తిరిగి అకోసువాగా మారిపోకుండా చూసుకునే మనిషి తప్పనిసరి అని అసిబే స్వయంగా ఫైలులో రాశాడు.

దుఫియేకి ఎవరినైనా సాగనంపడం అంటే భయం. వెళ్లేవాళ్లకి రొట్టె కట్టిస్తూ, దాని కొసముక్క ఒకటి తుంచి రేకు డబ్బాలో దాచుకోవడం ఆమెకి అలవాటు, తిరిగొచ్చి తినాలి కదా అని. డబ్బాలో రెండు ముక్కలున్నాయి. లేగోస్ లారీ ఎక్కిన భర్తది ఒకటి. అబిజాన్ వెళ్లి వారంలో వస్తానన్న కూతురిది, అంటే అకోసువా తల్లిది, ఇంకొకటి. అవి రాళ్లయిపోయి చాలాకాలమైంది. చీమలు కూడా ఆశ వదులుకున్నాయి. వాళ్లిద్దరూ బండి ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూశారు. తిరిగి చూడకపోతే వచ్చి ఉండేవాళ్లని దుఫియే నమ్మకం. అందుకని మూడో ముక్క డబ్బాలో పడింది మొదలు, విమానాశ్రయానికి వచ్చే దారంతా మనవరాలికి చెబుతూనే ఉంది. "వెనక్కి చూడకు. ఏమైనా సరే, చూడకు."

తీరా అరవై మంది పచ్చ కోట్లలో లోపలికి నడుస్తుంటే, పట్టీ కట్టిన ఆ కాలు ఈడ్చుకుంటూ పిల్ల గుంపులో కలిసిపోతుంటే, ఆవిడే ఆగలేక కేకేసింది. "అకోసువా!"

హాల్లో ముగ్గురు ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. వాళ్లలో ఆమె మనవరాలు లేదు. పాత పేరుకి పలికితే ధ్రువీకరణ రద్దవుతుందని పొద్దున్నే ఉపాధికారి అందరి ముందూ చదివి వినిపించాడు. ఇప్పుడు చేతిలో పుస్తకంతో పక్కనే నడుస్తున్నాడు. పిల్ల మెడ మాత్రం ఒక్క క్షణం కర్రలా బిగుసుకోవడం దుఫియే చూసింది. తర్వాత అద్దాల తలుపు మూసుకుంది.

వెనక్కి తిరగలేదు. కోరుకున్నదే జరిగింది.

మొరాకో రాజధాని రబాత్‌లో మొదటి మ్యాచ్ రోజు మైదానం తనిఖీ అధికారి ఆటగాళ్ల పేర్ల పట్టిక ముందు పెట్టుకున్నాడు. రెండు నెలల కిందటే మూసేసిన పట్టిక అది. అందులో గోల్‌కీపర్ అకోసువా బ్రెంపోమా. చేతిలో పాస్‌పోర్టులో అకువా బ్రెంపోమా. ఆయన మర్యాదస్తుడు. ఇద్దరూ ఒకరేనని మండలి ఒక్క ముక్క రాసిస్తే చాలన్నాడు.

"అలా ఎలా రాస్తాం?" అన్నాడు అసిబే, నొచ్చుకుని. "అకోసువా అనే మనిషి లేదని మేమే కదా నిరూపించింది. ప్రమాణపత్రం ఉంది. కావాలంటే చూడండి, ముసలావిడ ఎంత బాగా సంతకం పెట్టిందో."

ఆ విధంగా అకోసువాకి ఆడే హక్కుంది, కానీ ఆమె రాలేదు. అకువా వచ్చింది, కానీ ఆమెకి హక్కు లేదు. శిక్షకురాలు నెత్తీ నోరూ కొట్టుకుంది. అసిబే ఆమెని ఓదార్చి, అకువాని తీసుకెళ్లి అధికారుల వరసలో మంచి కుర్చీ చూపించాడు. ఎండ తగలని వైపు.

మొదటి మూడు మ్యాచ్‌లూ రెండో గోల్‌కీపర్ నెట్టుకొచ్చింది. క్వార్టర్ ఫైనల్లో, జాంబియా మీద, ఇరవయ్యో నిమిషంలో గోలుకంబానికి తగిలి ఆ పిల్ల వేలు విరిగింది. మూడో గోల్‌కీపర్ ఉండాల్సిన చోటు వారాల విభాగానిది కాబట్టి, వెనకవరస ఆటగత్తె ఒకామె చేతితొడుగులు వేసుకుని నిలబడింది. ఉపాధికారి ఆ సమయంలో పూర్తి ఆరోగ్యంగా, విశ్రాంతిగా ఉన్నాడని నివేదికలో ఉంది.

న్సావంలో, రోడ్డవతల పూటకూళ్ల కొట్టులో టీవీ ముందు ఊరంతా చేరింది.

"అదిగో దుఫియే, నీ మనవరాలు! కుర్చీలో!"

"కుర్చీలో ఏం చేస్తోంది? గోల్లో ఉండక?" అన్నాడు కొట్టువాడు.

"పేరు కుదర్లేదంట," అంది దుఫియే.

"ఏ పేరు?"

"రెండూ."

కెమెరా రెండోసారి ఆ వరస మీదికి వెళ్లింది. అధికారులు నవ్వుకుంటూ వేరుసెనగలు తింటున్నారు. వాళ్ల మధ్య పచ్చకోటు వేసుకున్న పిల్ల, బంతి గోలు మీదికి వచ్చిన ప్రతిసారీ, కూర్చున్నచోటే రెండు చేతులూ ఎత్తి గాల్లో ఏదో పట్టుకుంటోంది. ఎడమకి ఒకసారి. పైకి ఒకసారి. కొట్టువాడు నవ్వబోయి మానేశాడు. రొట్టె విసిరేటప్పుడు ఆ చేతులు ఎలా లేచేవో ఆ వీధిలో అందరికీ తెలుసు. నాలుగు బంతులు వచ్చాయి. ఆమె నాలుగూ పట్టుకుంది. జాంబియా నాలుగు, మనం సున్నా.

వారం తర్వాత పిల్ల ట్రోట్రో దిగి, కుంటుకుంటూ వచ్చి గోడ పక్కన కూర్చుంది.

"నా కొసముక్క ఏది అమ్మమ్మా?"

దుఫియే డబ్బా తెరిచింది. మూడింటిలో మెత్తగా ఉన్నదాన్ని తీసి, చేతిలో పెట్టబోయి ఆగింది. "ఏదీ, నా మొహం చూడు. అకోసువా?"

"ఊఁ."

"మళ్లీ పలుకు."

"ఊఁ అన్నాగా!"

ముక్క ఇచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ డబ్బాలోంచి ఒక ముక్క ఎవరో తినడం చూసింది.

మండలి అంతటితో ఊరుకుంటుందని ఎవరూ అనుకోలేదు. ఓటమికి కారణాలు విచారించడానికి ఒక సంఘం వేశారు. (అధ్యక్షుడు యావ్ అసిబే. ఆయన ముందు సాక్షిగా హాజరైనవాడు కూడా ఆయనే. సాక్షిని చాలా గట్టిగా ప్రశ్నించారట.) నెల తిరిగేసరికి ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి.

మొదటిది అకువా బ్రెంపోమాకి. ప్రశంసాపత్రం. పోటీ మొత్తంలో ఒక్క గోలు కూడా ఇవ్వని ఏకైక గోల్‌కీపర్‌గా, కేటాయించిన కుర్చీ వదలని క్రమశిక్షణ గల క్రీడాకారిణిగా దేశం ఆమెను మెచ్చుకుంది.

రెండోది అకోసువా బ్రెంపోమాకి. పట్టికలో పేరు ఉండి కూడా, ఎటువంటి కారణం చూపకుండా మొరాకోకి రాక, జట్టు ఓటమికి పూర్తి బాధ్యురాలైనందుకు నాలుగేళ్ల నిషేధం.

"నాలుగేళ్లా," అంది అకోసువా. మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "నాలుగు నెలలైనా ఆడుతుందా ఇది? నిషేధం సంగతి సరే అమ్మమ్మా, నేను రాలేదని రాశారు చూడు. అంతమంది పక్కనే కూర్చున్నాను. ఆ అసిబే నాకు వేరుసెనగలు కూడా ఇచ్చాడు. దీన్ని అడిగే దారి ఏమైనా రాశారా? చివరిదాకా చదువు."

దుఫియే కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి, వేలు పెట్టి, అడుగున ఉన్న సన్న అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

"నిషేధముపై అప్పీలు చేసుకొనదలచిన అకోసువాలు, తమ పేరింటి వారమున, కార్యాలయపు పనివేళలలో, స్వయముగా హాజరు కావలెను."